ఏడో లెవెల్ దమ్ము

నమోదు 1. సోమవారం, మొదటి షిఫ్ట్

పరీక్ష జట్టులో ఎవరో ఒకరు ఏ రోజు పని ఆ రోజు రాసి పెట్టాలని సభ తీర్మానం. ఇర్ఫాన్ భాయ్‌కి రాయడమంటే బద్ధకం. ఓదెలన్నకు ఓపిక లేదు. కాబట్టి రాసేది నేను, దుర్గం భూమిక. ఏ పరీక్ష పెట్టామో, ఏమైందో రాసి ఊరుకోవాలనీ, ఉపన్యాసాలు దంచొద్దనీ ఓదెలన్న ముందే చెప్పాడు. ఊరి పంకాలన్నిటినీ నడిపే గది పంకాఘర్, దానికి ఆయన పెద్ద. చెప్పడం ఆయన పని.

ఇవాళ పాత పెట్టె మళ్ళీ తడబడింది. ఊళ్ళో పంకాలన్నిటినీ నడిపే ఆ ఇనప్పెట్టె బొగ్గు తవ్విన కాలం నాటిది. బొగ్గు అయిపోయింది, తవ్వించిన దొరలు పోయారు, పైన ఎండ మనిషిని నిలవనివ్వకుండా అయింది, మేము కాపురాలను ఆ గనిలోకే దించుకున్నాం. పెట్టె మాత్రం అట్లాగే ఉంది. పొద్దున ఏడో లెవెల్ పంకా ఉన్నట్టుండి గొంతు మార్చింది. గాలి ఆడుతోందో లేదో తెలియడానికి పైకప్పుకు కట్టిన ఎర్ర రిబ్బన్లు ఒక్కసారిగా వాలిపోయాయి. లెవెల్ మొత్తం చేతిలో పని వదిలేసి పైకి చూసింది. కాసేపటికి రిబ్బన్లు మళ్ళీ ఎగిరాయి. అందరూ మళ్ళీ పనిలో పడ్డారు. అట్లా ఊరుకోవడమే నా ఒళ్ళు మండిస్తుంది.

మా వదిన మల్లీశ్వరి ఉండేది అక్కడే. ఆమెకు నెలలు నిండుతున్నాయి. మా అన్న పైన కరెంటు తీసే ఎండ పలకలు తుడిచే జట్టులో పనిచేస్తాడు, ఆదివారం తప్ప దిగడు. అందుకని వదినకు నీళ్ళ క్యాను నేనే మోసుకెళ్తాను. ఇవాళ వెళ్ళేసరికి గాలి తలుపుల దగ్గర ఎప్పటిలాగే జనం. ఏడో లెవెల్‌లోకి పోవాలంటే ఒకదాని వెనక ఒకటి రెండు ఇనప తలుపులు దాటాలి. గాలి దగ్గరి దారిన తప్పించుకోకుండా లోపలి ఇళ్ళదాకా పోవాలని కట్టిన తలుపులవి. షిఫ్ట్ మారే వేళకు కూరగాయల బండ్లు, దాణా మూటలు, చేతికర్రల ముసలివాళ్ళు తలుపులకు అటూ ఇటూ చేరి పంకా దమ్ము తీసుకునేదాకా ఎదురుచూస్తారు. షిఫ్ట్ మారినప్పుడల్లా పంకా కాసేపు ఆగుతుంది. దాన్నే దమ్ము అంటారు. డ్యూటీ మారిందని కూలీలకు తెలియడానికి దొరలు పెట్టిన గుర్తని ఒక పాత కరపత్రంలో ఉంది. దొరలు పోయి ఇన్నేళ్ళయినా జనం ఆ గుర్తు కోసం ఎద్దుల్లా నిలబడుతున్నారు.

నేను నిలబడను. భుజం ఆనించి ఒక్క తోపు తోశాను. తలుపు నన్నూ తోసింది. గెలిచింది నేనే గానీ మోచేయి గీరుకుపోయింది. వెనక వంకాయల బండి పట్టుకుని నిలబడ్డ పోసవ్వ, "ఏందే భూమీ, తలుపుతోని కుస్తీ పడుతున్నవ్? పంకా దమ్ము తీసుకుంటది గద, మనం గూడ జెర తీసుకుందం" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పాత పెట్టె బదులు పెట్టడానికి కొత్త ప్రోగ్రాం మేం ముగ్గురం కలిసి రాశాం. దాని మొదటి వాక్యం నాది. గాలి ఆగదు. ఏ కారణం మీదా, ఎవరి మాట మీదా పంకా ఆగే వీలు అందులో లేదు. దొరల కాలంలో ఏడో లెవెల్ కూలీలు సమ్మె చేసి లోపలే కూర్చుంటే, పంకా ఆపి బయటికి రప్పించారని యూనియన్ ఆఫీసు ట్రంకుపెట్టెలో దొరికిన ఆ కరపత్రంలోనే చదివాను. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. గాలిని ఆపే హక్కు ఇంకెప్పుడూ ఎవడి చేతిలోనూ ఉండకూడదు.

రాశాం సరే, పరీక్షించేదెట్లా? నిజం పంకాల మీద ప్రయోగాలు చెయ్యలేం, కింద మనుషులు ఊపిరి తీసుకుంటున్నారు. అందుకని కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్ని పుట్టించాలి. వర్చువల్ మెషీన్ అంటే అదే. అందులో మా ప్రోగ్రాం ఎన్ని తప్పులు చేసినా ఎవరికీ దగ్గు కూడా రాదు. అట్లాంటి మెషీన్లను పుట్టించే సాఫ్ట్‌వేర్ ఏది వాడాలో ఈ వారం సభలో తేలాలి. బరిలో రెండున్నాయి. కొండ మీద ఉండి సాఫ్ట్‌వేర్ అమ్మే కొండ కంపెనీ వాళ్ళ నిలువుటద్దం ఒకటి. ఎవరి సొత్తూ కాని పుట్ట ఇంకొకటి.

ఇది ఉపన్యాసం కాదు ఓదెలన్నా. వివరణ.

నమోదు 2. బుధవారం

కొండ కంపెనీ తరఫున శశిరేఖ మేడం దిగారు. పైన ఎండకు తొడిగే చల్లకోటు విప్పి కుర్చీకి తగిలించి, మా కంప్యూటర్లలోనే నిలువుటద్దాన్ని పెట్టి చూపించారు. అది ఎక్కడైనా తప్పటడుగు వేస్తుందని కాచుకుని కూర్చున్నాను. వెయ్యలేదు. కన్ను మూసి తెరిచేలోగా మెషీన్ లేచింది. లెవెల్‌కొకటి చొప్పున పక్కపక్కన ఎన్ని కావాలంటే అన్ని లేచాయి. పరీక్ష చెడిందా, 'వెనక్కి' అని నొక్కడమే. చెడకముందు ఎట్లా ఉందో అట్లా వచ్చి కూర్చుంటుంది. ఇర్ఫాన్ భాయ్ ఆ బటన్ని ఊరికే నాలుగైదుసార్లు నొక్కి చూసి, తన పెండ్లప్పుడు ఇది లేకపోయిందే అని బాధపడ్డాడు. అదే మాట ఇంట్లో మీ ఆవిడ ముందు అనమన్నాను. చాయ్ వంకతో లేచిపోయాడు.

లోపల ఏముందో చూపిస్తారా అని మేడంని అడిగాను. అద్దంలో ముఖం సరిగ్గా కనబడుతున్నప్పుడు వెనక పూత దేనితో వేశారో ఎందుకండీ అన్నారావిడ. తాళంచెవి ఎవడి దగ్గర ఉంటే ఇల్లు వాడిదని చెప్పాను. మా ఊపిరి లెక్కలు మీ తాళం వెనక ఎందుకు ఉండాలన్నాను. ఓదెలన్న దగ్గాడు. ఆయన దగ్గుకు అర్థం నాకు తెలుసు. ఆగలేదు. మరి మా పాత పెట్టెను అచ్చంగా అద్దంలో నిలబెట్టగలరా అని అడిగాను.

ఆవిడ తడుముకోకుండా లేదన్నారు. నిలువుటద్దంలో పుట్టేది ఇప్పటి కాలపు శుభ్రమైన మెషీన్. "రేపు మీ ప్రోగ్రాం నడిచేది కొత్త పెట్టెలోనే కదా భూమిక గారూ. ఆ తుప్పు పట్టిన తీగల్ని పరీక్షలోకి ఈడ్చుకురావడం దేనికి?" అని అడిగారు.

మంచి ప్రశ్న. అందుకే గొంతు పెంచాను. ఇది నమోదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మధ్యాహ్నం నేను పుట్టను లేపాను. లేపాను అనడం పెద్ద మాట. ఇర్ఫాన్ భాయ్ పరీక్ష మొదలుపెట్టి, చాయ్ తాగి, గ్లాసు కడిగి, ఎనిమిదో లెవెల్లో ఉన్న బావమరిదితో తగువాడి వచ్చేసరికి కూడా అది ఒళ్ళు విరుచుకుంటూనే ఉంది. పుట్టను కట్టింది ఎవరెవరో. ఏయే ఊళ్ళవాళ్ళో, తీరిక దొరికినప్పుడు తలా ఒక మట్టిముద్ద పెట్టి పోయారు. లోపలిదంతా బట్టబయలు, ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు. పాత పెట్టెను తీగ తీగగా, మర మరగా అందులో మళ్ళీ కట్టుకోవచ్చు. అంత కడుతుంది కాబట్టే అంత నెమ్మది.

"పుట్టల చెయ్యి పెడితే ఏం కరుస్తదో తెల్వదు" అన్నాడు ఓదెలన్న. అద్దంలో అయితే చెయ్యే పెట్టనివ్వరన్నాను.

నమోదు 3. శుక్రవారం, సభ

గెలిచాం.

మా ఊళ్ళో ఓటంటే బొగ్గుబిళ్ళ. రెండు పాత హెల్మెట్లు బోర్లా తిప్పి పెడతారు, వచ్చినవాళ్ళు తమ బిళ్ళను నచ్చిన దాంట్లో వేస్తారు. ఓటేసినవాడి వేళ్ళు నల్లబడతాయి గనుక రెండోసారి రాలేడు. శశిరేఖ మేడం కాసేపే మాట్లాడారు, నెమ్మదిగా, బాగా. త్వరగా పరీక్షిస్తే త్వరగా పెట్టె మారుతుంది, పాత పెట్టె ఎక్కువ కాలం ఆగదు అన్నారు. అది నిజం. జనం తలలూపారు.

నా వంతు వచ్చింది. ఏడో లెవెల్ సమ్మె కథ చెప్పాను. పంకా ఆపినవాడి దగ్గర కూడా ఒక తాళంచెవే ఉండేదన్నాను. త్వరగా అని తొందరపడి ఊపిరిని పరాయివాడి పెట్టెలో దాచుకుంటామా అన్నాను. నేను బల్ల గుద్దితే శశిరేఖ మేడం నీళ్ళ గ్లాసు ఒలికింది. ఆవిడ కొంగుతో తుడుచుకున్నారు. అది చూశాక నాకే బాగోలేదు.

వదిన కూడా వచ్చింది. కడుపు పట్టుకుని, ఆయాసపడుతూ, పుట్ట హెల్మెట్‌లో బిళ్ళ వేసి నా దగ్గరికి వచ్చి నల్లబడ్డ వేలు నా బుగ్గకు రాసింది. "అద్దమేందో పుట్టేందో నాకు తెల్వదు పిల్లా. నువ్వు చెప్పినవని ఏసిన. పుట్టేటోనికి గాలి మంచిగ ఆడాలె, గంతే" అంది.

ఆ మసి ఇంకా కడుక్కోలేదు.

నమోదు 5. బుధవారం

నాలుగో నమోదు ఓదెలన్న చింపేశాడు. అది పని వివరం కాదట, కొండ కంపెనీ మీద తిట్ల దండకమట.

పుట్టలో పాత పెట్టె నిలబడింది. దానికి ఉన్న తీగలన్నీ ఉన్నాయి, ఆఖరికి దేనికి పోతాయో ఎవరికీ తెలియనివి కూడా. దాని పాత ప్రోగ్రాం బదులు మా కొత్త ప్రోగ్రాం కూర్చుని పంకాలను నడుపుతోంది. కరెంటు పోతే ఏం చేస్తుంది, పొగ వస్తే ఏం చేస్తుంది, రెండు పంకాలు ఒకేసారి మొరాయిస్తే ఏం చేస్తుంది, అన్నిటికీ పచ్చ దీపమే. నాకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

ఒక్కచోట మాత్రం పుట్ట సణుగుతోంది. షిఫ్ట్ మారే వేళ వచ్చినప్పుడల్లా పాత పెట్టెలోంచి ఒక తీగ పిలుస్తుంది. మా ప్రోగ్రాం పలకదు. పుట్ట పరీక్షను ఆపేసి ఎర్ర దీపం పెడుతుంది. తీగ పిలిచింది, జవాబు లేదు, ఇదీ దాని ఫిర్యాదు. తీగ వెంబడి పోయి చూశాం. అది దమ్ము తీగ. పంకాను కాసేపు ఆపమని అడిగే తీగ.

ఇర్ఫాన్ భాయ్ గడ్డం గోక్కున్నాడు. "దీన్ని ఎందుకు పెట్టిన్రో ఒకసారి ఏడో లెవెల్ల అడుగుదాం చెల్లే. ఉట్టిగ తీగ గుంజరు గద."

ఎందుకు పెట్టారో నాకు తెలుసన్నాను. కూలీకి వాడి టైము వాడి చేతిలో లేదని రోజూ గుర్తు చెయ్యడానికి పెట్టారు. దొర ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాలి, వదలమంటే వదలాలి. ఆ తీగ మన ప్రోగ్రాంలో ఎందుకుండాలి? మనం రాసిన మొదటి వాక్యమే గాలి ఆగదని. దీనికి జవాబిస్తే మొదటి వాక్యం కొట్టేసుకోవాలి.

వాదనలో ఇర్ఫాన్ భాయ్ నాకు సరిపోడు. ఆయన నిదానమే ఆయన బలహీనత. ఒక ప్రశ్న పూర్తయ్యేలోగా నా జవాబు అయిపోతుంది. చివరికి చేతులెత్తేశాడు. ఆ ఫిర్యాదును పట్టించుకోవద్దని పుట్టకు చెప్పాను. పుట్టలో ఎవరైనా ఏదైనా దిద్దొచ్చు కదా, ఒక్క వరుస చాలింది. ఎర్ర దీపం ఆరిపోయింది. ఇప్పుడు అంతా పచ్చగా ఉంది.

నమోదు 6. శనివారం

పాత పెట్టె ఇవాళ చాలాసేపు ఆగిపోయింది. ఓదెలన్న దాని పక్కన తట్టి, తలుపు తెరిచి మూసి, చివరికి బూతు తిడితే మళ్ళీ నడిచింది. ఏడో లెవెల్‌లో ముసలివాళ్ళను ఆరో లెవెల్‌కు మోసుకుపోయారు. వదిన వెళ్ళనంది. ఆమెకు కోళ్ళున్నాయి, వాటిని వదిలి రాదట. ఈ సమయంలో కోళ్ళేమిటి వదినా అని అరిచాను. నీకు కరపత్రాలు, నాకు కోళ్ళు అంది.

ఇక ఆగే వీల్లేదు. సోమవారం ఏడో లెవెల్‌నే మొదట కొత్త ప్రోగ్రాంకి మార్చాలని ఓదెలన్న నిర్ణయించాడు. మార్చేముందు నన్నొకమాట అడిగాడు. అన్ని పరీక్షలూ పచ్చనేనా అని. పచ్చనే అన్నాను. అబద్ధం కాదు.

సాయంత్రం ఏడో లెవెల్‌లో అందరినీ పిలిచి చెప్పాను. సోమవారం నుంచి ఇక్కడ గాలి ఆగదు. చప్పట్లు మోగాయి. పోసవ్వ ముందు వరుసలో ఉంది.

"అసలే ఆగదా?"

"అసలే ఆగదవ్వా."

ఆమె ఇంకేదో అడగబోయింది. చప్పట్లలో వినబడలేదు. నేను కూడా ఆగి వినలేదు.

నమోదు 7. సోమవారం, మొదటి షిఫ్ట్

మార్చాం. ఏడో లెవెల్ పంకా కొత్త ప్రోగ్రాం మీద నడుస్తోంది. గొంతు సాఫీగా ఉంది. షిఫ్ట్ మారే వేళకు వదిన దగ్గర ఉండాలని వెళ్తున్నాను. శెనగపప్పు బెల్లం తెస్తానన్నాను.

నమోదు 8. సోమవారం, రెండో షిఫ్ట్

గబగబా రాస్తున్నాను. రాత అర్థం కాకపోతే ఓదెలన్న నన్నే అడగాలి.

వెళ్ళేసరికి ఏడో లెవెల్ పండగలా ఉంది. రిబ్బన్లు నిటారుగా ఎగురుతున్నాయి. వదిన గడప మీద కూర్చుని బెల్లం నములుతూ, కోళ్ళకు గింజలు చల్లుతూ ఉంది. లోపలి పిల్లవాడు తంతున్నాడని నా చెయ్యి పట్టుకుని కడుపు మీద పెట్టుకుంది.

షిఫ్ట్ మారే వేళ అయింది. పంకా ఆగలేదు. ఆగదని నాకు తెలుసు కాబట్టి గర్వంగా నవ్వుకున్నాను. వదిన మాత్రం తల వంచి వింటోంది. "దమ్ము తీసుకోలేదేందే?" అంది. ఇక మీదట తీసుకోదు వదినా అని చెప్పాను. ఆమె నోట్లో బెల్లం నమలడం ఆపి నా ముఖంలోకి చూసింది.

"మరి తలుపులెట్ల తీస్తరు?"

నాకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. తలుపులు నేను రోజూ తీస్తున్నాను కదా.

అప్పుడు చెప్పింది. పంకా తిరుగుతున్నంతసేపూ గాలి తలుపును చట్రానికి అదిమి పట్టుకుంటుంది. నీ లెక్క వయసు పిల్లలైతే తోస్తరు, బండ్లు పట్టుకున్నోళ్ళు, ముసలోళ్ళు, నా లెక్క కడుపుతో ఉన్నోళ్ళు ఎట్ల తోస్తరు? పంకా ఆగితే గాలి చెయ్యి వదులుతది, తలుపు అరటాకు లెక్క వస్తది, అటోళ్ళు ఇటు ఇటోళ్ళు అటు దాటుతరు. అందుకే దమ్ము కోసం నిలబడేది. డ్యూటీ గుర్తని నీకెవరు చెప్పిన్రే?

కరపత్రం చెప్పింది. అది పంకాఘర్‌లో పనిచేసినవాళ్ళు రాసిన కరపత్రం. పంకాఘర్‌కు గాలి తలుపులు లేవు.

నేను లేచేలోగా రిబ్బన్లు వాలిపోయాయి. మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి, లోపలి నుంచి మొదలై మా దాకా.

తలుపుల దగ్గరికి పరిగెత్తాను. జరిగింది చూడగానే తెలిసింది. దమ్ము రాకపోయేసరికి లోపలివాళ్ళు విసుగెత్తి నలుగురు కలిసి తలుపు తోశారు. తోసిన తలుపు మళ్ళీ మూసుకోకుండా కింద చెక్క మొద్దు పెట్టారు, బండ్లు పోవాలి కదా. సరిగ్గా అప్పుడే బయటివాళ్ళు కూడా రెండో తలుపు తోసి మొద్దు పెట్టారు. ఒకరికొకరు కనబడరు. దమ్ము వేళ రెండు తలుపులూ ఒకేసారి తెరవడం వాళ్ళకు రోజూ ఉన్న అలవాటే, అప్పుడు పంకా ఆగి ఉంటుంది కాబట్టి ఏమీ కాదు. ఇప్పుడు పంకా తిరుగుతోంది. గాలి లోపలి ఇళ్ళదాకా పోకుండా తెరిచిన తలుపుల గుండా దగ్గరి దారిన హోరుమని వెళ్ళిపోతోంది. మొద్దులు తలుపు కింద కరిచి పట్టుకున్నాయి. పోసవ్వ బండి మధ్యలో అడ్డం తిరిగింది, వంకాయలు నేల మీద దొర్లుతున్నాయి. అందరం పట్టి గుంజినా మొద్దు కదలలేదు. తోసే కొద్దీ గాలి దాన్ని ఇంకా బిగిస్తోంది.

గోడకున్న ఫోన్ ఎత్తాను. పంకాఘర్‌లో ఓదెలన్న పలికాడు.

"ఏడో లెవెల్ల గాలి లేదన్నా."

"ఈడ మంచిగనే ఉన్నది గద. అంత పచ్చనే."

పచ్చనే ఉంటుంది. పంకా తిరుగుతోంది, గాలి వీస్తోంది, ఎప్పటికంటే ఎక్కువే వీస్తోంది. మా ప్రోగ్రాం అడిగేది అంతవరకే. మనుషులకు అందుతోందా అని మేం దానికి నేర్పలేదు. పుట్టలో మనుషులే లేరు, తలుపులు తోసేవాళ్ళే లేరు.

పంకా ఆపమన్నాను. అవతల బటన్లు నొక్కిన చప్పుడు. తర్వాత ఇర్ఫాన్ భాయ్ గొంతు దూరంగా వినబడింది, ఆపే వీలు ప్రోగ్రాంలో లేదు, తీసుకోవడం లేదని. తెలుసు. నేనే రాశాను. గోడ మీద మెయిన్ హ్యాండిల్ దించమన్నాను.

"లోపట జనముండంగ పంకా దించమంటున్నవా? పిల్లా, రేపు సభ అడుగుతది. ఎవరు చెప్పిన్రంటే ఏమనాలె?"

నా వెనక వదిన వచ్చి నిలబడింది. గోడ పట్టుకుని, నోరు తెరిచి, చేప గాలి పీల్చినట్టు పీలుస్తోంది. ఒక చంకలో కోడి ఉంది. దాని మెడ వేలాడుతోంది.

"భూమిక చెప్పిందను. ఆపన్నా. గాలి ఆపు."

పంకా ఆగింది. హోరు పోయింది, తలుపు ఒళ్ళు సడలించింది. కాలితో తంతే మొద్దు బంతిలా దొర్లిపోయింది. బయట రెండోది ఎవరో లాగేశారు. పోసవ్వ బండిని పక్కకు నెట్టి రెండు తలుపులూ మూశాం. ఫోన్‌లో వెయ్యమని అరిచాను. పంకా మెల్లగా గొంతు సవరించుకుంది. మేమంతా తలలెత్తి రిబ్బన్లనే చూస్తున్నాం. మొదట తలుపు దగ్గరిది కదిలింది. చాలాసేపటికి లోపలి ఇళ్ళవి.

మనుషులందరూ బతికే ఉన్నారు. వదిన గోడకు ఆనుకుని జారి కూర్చుంది. నా చెయ్యి తీసుకుని మళ్ళీ కడుపు మీద పెట్టింది. కొంచెంసేపు ఏమీ లేదు. ఆ కొంచెంసేపు నేను దేన్నీ నమ్మలేదు, ఏ కరపత్రాన్నీ. తర్వాత తన్నాడు.

కోళ్ళలో రెండు లేవలేదు.

నమోదు 9. బుధవారం

ఏడో లెవెల్ మళ్ళీ పాత పెట్టె మీదే, తడబడుతూ. అది ఎప్పుడు చస్తుందో తెలియదు. అందుకే పని ఆపలేదు.

సభలో నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. దానికంటే కష్టమైంది చేశారు, ఏం జరిగిందో చెప్పమన్నారు. చెప్పాను. ఎర్ర దీపం సంగతి కూడా. శశిరేఖ మేడం వెనక బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఇదంతా విని నవ్వుతారని ఆవిడ వైపు చూడలేదు. బయటికి వచ్చాక ఆవిడే నా పక్కన నడిచారు.

"మా అద్దంలో ఆ తీగ అసలు కనబడేది కాదండీ. మీ పుట్టలో కనబడింది. నేను తప్పు సాఫ్ట్‌వేర్ తెచ్చానని మా వాళ్ళకు ఎట్లా రాయాలా అని చూస్తున్నాను. మీరేమో కనబడిన దాన్ని కప్పేశారు. మనిద్దరిలో ఎవరు నయమో నాకు తెలియడం లేదు."

నాకు కోపం రావాలి. రాలేదు. లోపల ఏదో గీరుకుపోయింది, మొన్న మోచేయిలాగే. నీళ్ళ గ్లాసు ఒలికించినందుకు ఏమనుకోవద్దన్నాను. చీర అప్పుడే ఆరిపోయిందన్నారు.

సభ తేల్చింది ఇది. రోజువారీ చిన్న పరీక్షలకు అద్దం, దాని వేగం మాకు కావాలి. పెట్టె మార్చే ముందు పరీక్షలకు పుట్ట. ఎర్ర దీపాన్ని ఆర్పాలంటే మాత్రం అది ఏ లెవెల్‌దో ఆ లెవెల్ వాళ్ళు బొగ్గుబిళ్ళ వెయ్యాలి. మా పరీక్ష గదిలో హెల్మెట్లు పెట్టారు. ఇర్ఫాన్ భాయ్ వాటిలో ఒకదాంట్లో చాయ్ గ్లాసులు పెట్టుకుంటే ఓదెలన్న తరిమాడు.

నేను పుట్టలోని ఆ ఒక్క వరుసా తీసేశాను. ఎర్ర దీపం వెలిగింది. తీగ పిలుస్తోంది. దాన్ని చూస్తూ కూర్చోవడం నాకు చాలా కష్టంగా ఉంది. తర్వాత మనుషులను పెట్టడం మొదలుపెట్టాను. ఎవరిని ముందు అని ఇర్ఫాన్ భాయ్ అడిగితే, పోసవ్వను, ఆమె బండిని అన్నాను. తర్వాత దాణా మూటలవాళ్ళు. తర్వాత కడుపుతో ఉన్న ఒకామె. నకిలీ మనుషులే, పుట్టలో పుట్టినవాళ్ళే, అయినా వాళ్ళ బలం ఎంత, ఓపిక ఎంత అని రాసేటప్పుడు నాకు చెయ్యి ఆడలేదు. ఎవరి ఓపికైనా ఎంతని రాస్తాం? ఏడో లెవెల్‌కు పోయి ఒక్కొక్కరితో తలుపు తోయించి చూసి వచ్చాం. పోసవ్వ తోసేది తలుపును కాదు, మమ్మల్ని అనిపించింది. "ఇప్పుడన్న అడుగుతున్నరు" అంది.

మొదటి వాక్యం దగ్గర పని ఆగిపోయింది. గాలి ఆగదు అన్నది కొట్టెయ్యడానికి నాకు చేతులు రావడం లేదు. దొరలు ఏడో లెవెల్ పంకా ఆపారు, అది అబద్ధం కాదు. దమ్మూ అబద్ధం కాదు. వదినను అడిగాను. ఆమె మిగిలిన కోళ్ళను లెక్క చూసుకుంటూ, ఆపేటోడు లోపట ఉంటే ఆపనియ్యి, బయట ఉంటే ఆపనియ్యకు అంది.

అదే రాశాం. పంకాను ఆపే హ్యాండిల్ ఇక నుంచి పంకాఘర్‌లో ఉండదు. ఏ లెవెల్‌ది ఆ లెవెల్ తలుపుల దగ్గర, లోపలి వైపు ఉంటుంది. ఓదెలన్న చాలాసేపు గొణిగాడు, ఆయన చేతిలోంచి పోయింది కదా. తర్వాత హ్యాండిల్ ఎత్తు ఎంత ఉండాలో కొలవడానికి తనే టేపు పట్టుకుని దిగాడు, పోసవ్వకు అందాలని.

నమోదు 10. ఆదివారం, షిఫ్ట్ మారే వేళ

కొత్త ప్రోగ్రాం ఏడో లెవెల్ మీద మళ్ళీ పెట్టాం. పుట్టలో ఎర్ర దీపం వెలగలేదు. ఎవరూ ఆర్పలేదు.

అన్న పైనుంచి దిగి వదిన దగ్గర ఉన్నాడు. నేను బయటి తలుపు దగ్గర నీళ్ళ క్యానుతో జనం మధ్య ఉన్నాను. వెనక దాణా మూటలు, పక్కన పోసవ్వ బండి. తలుపు మీద ఎవరి చెయ్యీ లేదు. నా భుజం దానంతటదే ముందుకు పోతోంది, దాన్ని వెనక్కి లాక్కోవడం పంకా నడపడం కంటే కష్టం. కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాను. పోసవ్వ చూసింది. ఈసారి వేళాకోళం చెయ్యలేదు, బండి మీద నుంచి ఒక వంకాయ తీసి నా చేతిలో పెట్టింది, చేతికి ఏదో పని ఉండాలని కాబోలు.

లోపలి వైపు ఎవరో హ్యాండిల్ దించారు. ఎవరో నాకు కనబడదు.

పంకా ఆగింది.

తలుపు మీద అరచేయి ఆనించాను. తోయలేదు. అది అరటాకులా వచ్చింది.